ఆటకి పంపే ముందు గన్ సంగతి అడగడం ఎలా: అమెరికాలో పిల్లలున్న తెలుగువాళ్లకి

అమెరికాలో ఏదో ఒక బడిలో కాల్పులు జరిగాయని తెలియగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. గంటలోపే వీడియోలు, సగం నిజం సగం అబద్ధం వార్తలు, ఇండియా నుంచి అమ్మానాన్నల ఫోన్లు, చివరికి ఎవరో ఒకరు "ఈ దేశం మారదండీ" అనడం, అందరూ ఔను అనడం, రెండు వారాలకి మర్చిపోవడం. ఆ "మారదండీ" అనే మాటంటేనే నాకు కోపం. దేశం మాట తర్వాత చూద్దాం. మన పిల్లలు వెళ్లే బడి, వాళ్లు ఆడుకునే ఇళ్ల విషయంలో మనం చేయగలిగింది చాలా ఉంది. హెచ్1బీ మీద ఉన్నా, ఓటు లేకపోయినా చేయొచ్చు.

ముందు, ఆ గన్ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

టీవీ చర్చల్లో ఎక్కువగా వినిపించేది గన్ షాపుల గురించి, ఏఆర్-15 రైఫిళ్ల గురించి. కానీ స్కూల్ పిల్లలే బళ్లో కాల్పులు జరిపిన కేసుల్ని అమెరికా సీక్రెట్ సర్వీస్ పరిశీలించి 2019లో ఒక నివేదిక ఇచ్చింది. అందులో నాలుగింట మూడు వంతుల కేసుల్లో ఆ తుపాకీ తల్లిదండ్రుల ఇంట్లోంచో, దగ్గరి బంధువుల ఇంట్లోంచో వచ్చింది. 2012లో కనెక్టికట్‌లోని శాండీ హుక్ బళ్లో 20 మంది చిన్నపిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్లని బలితీసుకున్న తుపాకులు కాల్చినవాడి తల్లివి.

2021 నవంబర్‌లో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో జరిగింది ఇంకా దగ్గరగా చూడాలి. బ్లాక్ ఫ్రైడే రోజు తండ్రి కొడుకుని వెంటబెట్టుకెళ్లి పిస్టల్ కొన్నాడు. నాలుగు రోజుల తర్వాత, ఆ 15 ఏళ్ల పిల్లాడు కాగితం మీద గన్ బొమ్మ వేసి భయంకరమైన మాటలు రాస్తే టీచర్ చూసింది, స్కూలు తల్లిదండ్రుల్ని పిలిపించింది, వాళ్లు వచ్చి, మాట్లాడి, పిల్లాడిని ఇంటికి తీసుకెళ్లకుండానే వెళ్లిపోయారు. బ్యాగులో ఏముందో ఎవరూ చూడలేదు. ఆ మధ్యాహ్నం నలుగురు విద్యార్థులు చనిపోయారు. 2024లో ఆ తల్లికీ తండ్రికీ విడివిడిగా విచారణ జరిగి, ఇద్దరికీ పది నుంచి పదిహేనేళ్ల జైలు శిక్ష పడింది. బడి కాల్పుల్లో కన్నవాళ్లకి ఇలాంటి శిక్ష పడటం అదే మొదటిసారి. అదే ఏడాది సెప్టెంబర్‌లో జార్జియాలోని అపలాచీ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయినప్పుడు కాల్చిన 14 ఏళ్ల పిల్లాడి తండ్రి మీద కూడా హత్య కేసు పెట్టారు. ఆ బడి, అట్లాంటా దగ్గర మనవాళ్లు ఎక్కువగా ఉండే సువానీకి గంట లోపు దూరమే.

కాబట్టి మొదటి పని ఇంటి దగ్గరే మొదలవుతుంది.

అడగడం ఎలా

పిల్లని మొదటిసారి ప్లే డేట్‌కి పంపుతున్నప్పుడు వేరుశనగ అలర్జీ గురించి చెప్తాం, కుక్క ఉందా అని అడుగుతాం, స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడుగుతాం. అదే మెసేజ్‌లో ఇంకో వాక్యం కలపండి: "మేం ఎవరింటికి పంపినా ఇది అడుగుతాం, మీ ఇంట్లో గన్ ఉంటే దానికి తాళం వేసి ఉంటుందా?" అంతే. గన్ ఉందా లేదా అని కాదు, తాళం ఉందా అని అడగండి, అలా అడిగితే ఎదుటివాళ్లకి తప్పుపట్టినట్టు అనిపించదు. "ఎవరింటికి పంపినా" అన్న మాట మాత్రం వదలొద్దు. ముఖాముఖి అడగడానికి మొహమాటం అయితే మెసేజ్ పెట్టడమే నయం, వాళ్లకీ ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. అమెరికన్ తల్లిదండ్రుల్లో చాలామంది దీన్ని మామూలు ప్రశ్నగానే తీసుకుంటారు. పిల్లల డాక్టర్లు కూడా చెకప్‌లో ఇదే అడుగుతారు.

జవాబులో ఏం వినాలంటే: గన్‌లోంచి తూటాలు తీసేసి, గన్‌కి తాళం వేసి, తూటాలు వేరే చోట పెట్టి దానికీ తాళం వేసి ఉండాలి. "క్లోజెట్‌లో పై అరలో పెట్టాం, పిల్లలకి తెలీదు" అంటే అది జవాబు కాదు. పిల్లలకి తెలుసు. దాచిన పండగ గిఫ్టుల్ని కనిపెట్టే పిల్లలు దీన్ని కనిపెట్టలేరా? అలాంటి జవాబు వస్తే గొడవ పడక్కర్లేదు, "ఈసారి మా ఇంటికే పంపండి, స్నాక్స్ మా వంతు" అనేయండి.

మనవాళ్ల ఇళ్లకి పంపేటప్పుడు కూడా అడగండి. మొహమాటం అక్కడే ఎక్కువ, అన్నయ్యా వదినా అని పిలుచుకునే ఇంట్లో ఇదేం ప్రశ్న అనిపిస్తుంది. కానీ టెక్సాస్‌లో, జార్జియాలో మనవాళ్లు కూడా షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నారు, కొనుక్కుంటున్నారు.

మీరే కొనాలనుకుంటుంటే

ముందు మీ వీసా చూసుకోండి. ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం గానీ దగ్గర పెట్టుకోవడం గానీ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ ఫ్రెండ్ చెప్పాడని వాటిని నమ్ముకుని దిగొద్దు, లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు.

ఇంకో సంగతి మన చర్చల్లో అసలు రాదు. అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2021లో మొత్తం 48,830 మంది చనిపోతే అందులో 26,328 మంది తమని తాము కాల్చుకున్నవాళ్లు. ఇంట్లో టీనేజ్ పిల్లలు మార్కుల టెన్షన్‌లోనో డిప్రెషన్‌లోనో ఉంటే, దయచేసి, ఆ ఇంట్లో గన్ ఉండకూడదు. తాళం వేసి కూడా వద్దు, బయటికి పంపించేయండి. ఎవరి గురించైనా భయం వేస్తే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, ఏ టైమ్‌లోనైనా.

బడిలో ఏం తెలుసుకోవాలి

చాలా బళ్లలో ఇప్పుడు ఐదు మాటలు వాడుతున్నారు: హోల్డ్, సెక్యూర్, లాక్‌డౌన్, ఎవాక్యుయేట్, షెల్టర్. 2006లో కొలరాడోలో బడి కాల్పుల్లో కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు పెట్టిన సంస్థ తయారుచేసిన పద్ధతి ఇది. మీ ఫోన్‌కి "సెక్యూర్" అని మెసేజ్ వస్తే ప్రమాదం బయట ఉందని, తలుపులు మూసి లోపల పాఠాలు నడుస్తున్నాయని అర్థం. "లాక్‌డౌన్" అంటేనే లోపల ప్రమాదం. తేడా తెలియక "సెక్యూర్"కే కంగారుపడి కారేసుకుని పరిగెత్తేవాళ్లు ఎంతోమంది.

లాక్‌డౌన్ అయినప్పుడు పిల్లకి ఫోన్ చేయకండి. చీకటి గదిలో, తలుపుకున్న అద్దంలోంచి కనపడకుండా గోడవారగా ఇరవై మంది పిల్లలు నోరు మూసుకుని కూర్చున్నప్పుడు ఒక ఫోన్ మోగితే ఏమవుతుందో ఊహించండి. బడి దగ్గరికి కూడా వెళ్లొద్దు, పిల్లల్ని ఎక్కడ అప్పగిస్తారో వాళ్లే మెసేజ్ పెడతారు, అక్కడ ఫొటో ఐడీ అడుగుతారు. అందుకే ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో దగ్గరలో ఉండే ఒకరిద్దరి పేర్లు ఐడీలో ఉన్నట్టే రాసి ఇవ్వండి. ఇండియా నుంచి వచ్చి మీ దగ్గరుంటున్న అమ్మమ్మ తాతయ్యల పేర్లూ చేర్చండి, పాస్‌పోర్ట్ ఎక్కడుందో వాళ్లకి చెప్పి ఉంచండి.

లాక్‌డౌన్ డ్రిల్ గురించి స్కూల్‌ని అడగాల్సినవి రెండు: ముందుగా చెప్పి చేస్తారా, అందులో నకిలీ కాల్పుల శబ్దాలు లాంటివి ఉంటాయా? అలాంటి భయపెట్టే డ్రిల్స్ వద్దని పిల్లల డాక్టర్ల సంఘం 2020లోనే చెప్పింది. ఇంట్లో చిన్నపిల్లలకి చెప్పడానికి "ఫైర్ డ్రిల్ లాంటిదే, టీచర్ చెప్పినట్టు చెయ్యి" అంటే చాలు. పెద్దపిల్లలకి మాత్రం ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "రేపు స్కూల్‌కి గన్ తెస్తా" అని జోక్‌గా పెట్టిన మెసేజ్‌కి కూడా పిల్లల్ని అరెస్ట్ చేస్తున్నారు, అపలాచీ తర్వాత చాలా రాష్ట్రాల్లో చేశారు. వలస కుటుంబానికి అది ఎంత పెద్ద తలనొప్పో చెప్పనక్కర్లేదు. అలాంటి మెసేజ్ ఎవరైనా పంపితే ఫార్వర్డ్ చేయకుండా స్కూల్‌కో పోలీసులకో చెప్పాలి. పేరు చెప్పకుండా చెప్పే దారులున్నాయి: కొలరాడోలో సేఫ్2టెల్, చాలా జిల్లాల్లో శాండీ హుక్ తల్లిదండ్రుల సంస్థ నడిపే సే సమ్‌థింగ్.

వాదనలోకి దిగేటప్పుడు

ఆఫీసులోనో, పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) మీటింగులోనో ఈ చర్చ వస్తే "ఆస్ట్రేలియాలా తుపాకులన్నీ తీసేసుకోవచ్చు కదా" అని మొదలుపెట్టకండి, వినేవాళ్లు అక్కడే చెవులు మూసుకుంటారు. 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న రెండో సవరణ ప్రకారం సొంత రక్షణకి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తేల్చింది, 2022లో బ్రూయెన్ తీర్పుతో ఆ హక్కుని ఇంకా బలపరిచింది. ఇష్టమున్నా లేకున్నా ఆ గీత లోపలే పని జరగాలి. జరుగుతోంది కూడా. పార్క్‌ల్యాండ్ హైస్కూల్లో 17 మంది చనిపోయిన మూడు వారాలకే, 2018 మార్చిలో, రిపబ్లికన్ల చేతిలో ఉన్న ఫ్లోరిడా తుపాకీ కొనే వయసుని 21కి పెంచింది, ప్రమాదకరంగా కనిపించే మనిషి దగ్గర్నుంచి కోర్టు అనుమతితో తుపాకులు తీసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టం తెచ్చింది. టెక్సాస్‌లోని యువాల్డే బళ్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయాక 2022 జూన్‌లో రెండు పార్టీలూ కలిసి ఫెడరల్ చట్టం చేశాయి. 21 ఏళ్లలోపు వాళ్లు కొంటుంటే తనిఖీ ఇంకా లోతుగా జరుగుతోంది ఇప్పుడు.

అంకెలు వాడితే చూసుకుని వాడండి. "ఈ ఏడాది ఇన్ని మాస్ షూటింగులు" అనే లెక్క చాలాసార్లు గన్ వయలెన్స్ ఆర్కైవ్‌ది, కాల్చినవాడిని వదిలేసి నలుగురికి గానీ అంతకు మించి గానీ తూటాలు తగిలితే వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు, చనిపోనక్కర్లేదు. బడి కాల్పుల లెక్కల్లో కొందరు రాత్రిపూట పార్కింగ్‌లో పేలిన తుపాకీని కూడా కలుపుతారు. ఏఆర్-15ని మెషిన్ గన్ అనకండి, ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే ఒక్క తూటానే వస్తుంది. ఇలాంటి చిన్న తప్పు పట్టుకుని మీ మొత్తం మాటని కొట్టిపారేస్తారు.

అసలు నేను అడగమనేది ఒక్కటి, రెండు పక్షాలూ పెద్దగా కాదనలేనిది. గన్ తయారీదారుల సంఘమే ఉచితంగా కేబుల్ తాళాలు పంచుతోంది, గన్ కంట్రోల్ అడిగే అమ్మల సంఘాలూ తాళమే వేయమంటున్నాయి. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఏటా తల్లిదండ్రులందరికీ, ఇంట్లో గన్ ఉంటే తాళం వేయండి, వేయకపోతే చట్టం ఏమంటుందో ఇది, అని ఒక లెటర్ పంపాలి. కాలిఫోర్నియాలో ఇది ఇప్పటికే చట్టం. మీ దగ్గర లేకపోతే స్కూల్ బోర్డ్ మీటింగ్‌లో పబ్లిక్ కామెంట్‌కి పేరు ఇవ్వండి, సాధారణంగా రెండు మూడు నిమిషాలు ఇస్తారు, పౌరసత్వం అడగరు, ఆ డిస్ట్రిక్ట్‌లో ఉంటే చాలు. కాగితం మీద రాసుకుని చదవండి, యాస గురించి బెంగ పెట్టుకోవద్దు. కాలిఫోర్నియా లెటర్ నమూనా ఒకటి ప్రింట్ తీసి బోర్డ్ మెంబర్లందరికీ ఇవ్వండి. ఇంకో రెండు మూడు కుటుంబాల్ని తీసుకెళ్లగలిగితే మరీ మంచిది. నెల తర్వాత బోర్డ్ సెక్రటరీకి ఈమెయిల్ పెట్టి, ఆ విషయం ఏ మీటింగ్ ఎజెండాలో పెడుతున్నారో అడగండి.