పెల్లెట్ పొయ్యి పాఠాలు – 4: సిమ్‌లో పెడితే మంట ఎందుకు నిలవదు?

పోయిన పాఠంలో పొయ్యి వెలిగించడం, ఫుల్‌కి తేవడం చూశాం. అసలు తలనొప్పి ఇప్పుడు మొదలవుతుంది. కావలిలో ఒక మెస్ మాస్టర్ దీన్ని ఒక్క మాటలో చెప్పాడు: "ఫుల్లులో బాగానే మండద్దన్నా. సిమ్ములో పెట్టామా, ఇక పొగే." చేపల పులుసు ఒక పొంగు వచ్చాక సన్న సెగ మీద మరగాలి. అప్పుడు మంట చచ్చిందని మళ్లీ ఫుల్ చేస్తే ముక్క చితికిపోతుంది.

పెల్లెట్లు (రంపపు పొట్టు, ఊక లాంటివి గట్టిగా నొక్కి చేసిన చిన్న కడ్డీలు) పోసే తొట్టి, వాటిని తోసే స్క్రూ, గాలి ఊదే బ్లోయర్ ఉన్న పొయ్యి గురించే ఈ పాఠం. సిమ్‌లో పెట్టగానే స్క్రూ తోసే పెల్లెట్లూ బ్లోయర్ ఊదే గాలీ తగ్గుతాయి. వాటితో పాటు మంట గిన్నెలో, అంటే పెల్లెట్లు పడి మండే గిన్నెలో, వేడి కూడా పడిపోతుంది. తంటా అంతా ఇక్కడే. వేడికి పెల్లెట్‌లోంచి గ్యాస్ వస్తుంది. మనకు కనిపించే మంట చాలావరకు ఆ గ్యాస్‌దే. గిన్నె చల్లబడితే గ్యాస్ వస్తుంది గానీ సరిగా అంటుకోదు, పొగై పోతుంది. ఫుల్‌లో వేడి ఎక్కువ కాబట్టి చిన్నాచితకా లోపాలు బయటపడవు. అంటే సిమ్‌లో కనిపించే జబ్బు అప్పుడే పుట్టింది కాదు.

ముందు మంటను చూడండి, చెయ్యి నాబ్ మీదికి పోనివ్వకండి. మంట ఎర్రగా, బద్ధకంగా ఊగుతూ, కొసన మసి లేస్తూ, గిన్నెలో కాలని పెల్లెట్లు గుట్టపడుతుంటే గాలి చాలడం లేదు. మంట పొట్టిగా, తెల్లగా ఎగిరెగిరి పడుతూ, నిప్పురవ్వలు లేస్తూ, తర్వాతి విడత పెల్లెట్లు పడేలోపే గిన్నె ఖాళీ అయిపోతుంటే గాలి ఎక్కువైంది, లేదా మేత (అంటే పడే పెల్లెట్లు) తక్కువైంది. ఈ రెండూ వేరు చెయ్యడం వస్తే సగం మెకానిక్ అయినట్టే.

గాలి చాలనప్పుడు అందరూ బ్లోయర్ పెంచుతారు. నేనైతే ముందు గిన్నె తీయిస్తాను. పొయ్యి ఆర్పి, పూర్తిగా చల్లారాక గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. అడుగు బెజ్జాల్లోంచి వెలుగు కనపడాలి. కనపడకపోతే సైకిల్ స్పోకుతో ఒక్కొక్కటీ పొడవండి. అడుగున బూడిద కరిగి గాజులా గట్టిపడిన చిట్టెం ఉంటే పెచ్చులుగా ఊడగొట్టండి. తర్వాత బూడిద డ్రాయర్, బ్లోయర్ రెక్కలు. హోటల్ వంటింట్లో నూనె ఆవిరి, పిండి దుమ్ము కలిసి రెక్కలకు జిడ్డులా పట్టేస్తాయి. బూడిద తలుపుకు సీలు తాడు ఉంటే, తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే తాడు అరిగినట్టే. గిన్నెలోకి పోవాల్సిన గాలి పక్కదారి పడుతోంది.

ఇక మేత. మన వైపు జామాయిల్, సుబాబుల్ రంపపు పొట్టుతో చేసినవీ, వేరుశనగ పొట్టువీ, ఊకవీ అన్నీ పెల్లెట్లే, కానీ బూడిదలో పోలికే లేదు. ఊకలో బరువులో 15 నుంచి 20 శాతం దాకా బూడిదే. బెరడు లేని చెక్కలో మామూలుగా 1 శాతం కూడా ఉండదు. ఊక పెల్లెట్లు వాడేవాళ్లు సిమ్‌లో గంటల తరబడి నడపాలంటే మధ్యలో గిన్నె కుళ్లగించక తప్పదు. ధర తక్కువే, చాకిరీ మాత్రం మీదే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ముసురు రోజుల్లో, తెరిచిన బస్తా గాలిలో తేమ పీల్చేస్తుంది. ఒక పెల్లెట్ విరిచి చూడండి. టప్పున విరిగితే మంచిది, వేళ్ల మధ్య నలిగితే వద్దు. బస్తా అడుగున మిగిలే పొడిని జల్లెడ పట్టండి. పొడి స్క్రూలో కూరుకుంటుంది, గిన్నెలో పడి నిప్పును కప్పేస్తుంది. పెల్లెట్లు మరీ పొడవైతే స్క్రూలో సరిగా సర్దుకోక, తిరిగినప్పుడల్లా పడే మోతాదు తగ్గుతుంది. ఫుల్‌లో ఆ తేడా తెలియదు. సిమ్‌లో మంట అప్పుడప్పుడూ ఆరిపోయేది ఎక్కువగా ఇందుకే.

ఇవన్నీ అయ్యాకే సెట్టింగు. ఒకసారికి ఒక్కటే మార్చండి, గాలి అయితే గాలి, మేత అయితే మేత. మార్చాక పావుగంటైనా వదిలేయండి, గిన్నె వేడి కుదుటపడాలి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లలో పొద్దున కుదిర్చిన సెట్టింగు రాత్రికి నిలవదు. బ్లోయర్‌కి స్టెబిలైజర్ పెట్టిస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. సిమ్‌లో పొగలు కక్కే పొయ్యి నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు. పొయ్యి పూర్తిగా ఆరకుండా షట్టర్ దించి, కుర్రాళ్లను లోపల పడుకోబెట్టకండి.

అభ్యాసం: రేపు గిన్నె శుభ్రం చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి సిమ్‌లో పావుగంట నడిపి, రెండుసార్లూ మంట ఫోన్‌లో వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. శుభ్రం చేశాక కూడా పొగ తగ్గకపోతే లోపం పొగగొట్టంలో ఉండొచ్చు. అయిదో పాఠం దాని గురించే.