నర్సాపురం నుంచి అంతర్వేదికి: పంటు రేవు తగలకుండా కారు దారి

విదేశాల నుంచి సెలవులకొచ్చి అద్దె కారు నడిపే మా చుట్టాలందరి గొడవా ఇదే. నర్సాపురంలో అంతర్వేది అని కొడితే ఫోన్‌లో మ్యాప్ సరాసరి వశిష్ఠ గోదావరి ఒడ్డున పంటు (బళ్లని నది దాటించే పెద్ద పడవ) రేవుకి తీసుకెళ్తుంది. తీరా చూస్తే పంటు అవతల సఖినేటిపల్లిలో ఉంటుంది. ఫోన్ మార్చినా, యాప్ మళ్లీ వేసుకున్నా దండగే.

పనిచేసింది ఇది: వైఫై ఉండగానే కోనసీమ అంతా ఆఫ్‌లైన్ మ్యాప్‌గా దించుకున్నాం. దారి తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, ఆప్షన్స్‌లో ఫెర్రీలు వద్దని పెట్టాం. ఆ తర్వాత మధ్యలో స్టాప్‌గా చించినాడ వంతెన కలిపాం. దాంతో దారి దిగమర్రు మీదుగా 216 జాతీయ రహదారి ఎక్కి, వంతెన దాటి మలికిపురం వైపు తిరిగింది. చుట్టే, కానీ టెన్షన్ లేదు.

కాలువగట్ల సన్నదారులకి మాత్రం ఈ చిట్కా పనికొస్తుందని చెప్పలేను. అక్కడ కొబ్బరికాయల ట్రాక్టర్ ఎదురైతే మనమే రివర్స్ కొట్టుకోవాలి.