డైవ్ వాచీ పాఠాలు – 5: ధ్రువీకరణ ఉన్న వాచీయే కొనాలా?

గత పాఠంలో వాచీ ముఖం మీదా, వెనక మూత మీదా ఉండే రాతలను చదవడం నేర్చుకున్నాం. మీ వాచీ మీద కనిపించే ప్రతి మాటనూ కాగితం మీద ఎక్కించి పంపమన్న అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక, ఈసారి ఇవ్వవలసిన బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే వలయం) పాఠాన్ని వాయిదా వేశాను. రాతలు చదవడం దాదాపు అందరికీ పట్టుబడింది. చదివిన తర్వాత చేసిన పనుల దగ్గరే చిక్కు వచ్చింది. కూకట్‌పల్లి పాఠకుడొకరు తన కాసియో డ్యూరో మీద 200 మీటర్లని ఉన్నా 'డైవర్స్' అన్న మాట లేదని గమనించి, అది నకిలీదని అనుకుని దుకాణంలో తిరిగి ఇచ్చేశారు. సికింద్రాబాద్ నుంచి రాసిన ఒక పాఠకురాలు జనరల్ బజార్‌లో వాచీ బేరమాడుతూ ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్ అడిగితే, దుకాణదారు పెట్టె అట్ట మీద ఉన్న 'ఐఎస్ఓ 9001' అన్న అక్షరాలు చూపించారట; ఆమె నమ్మకం కుదిరి కొనేశారు. ఇంకొకరు తమ వాచీ మీద క్రోనోమీటర్ అని అధికారికంగా ధ్రువీకరించి ఉంది కాబట్టి దానితో సముద్రంలోకి దిగవచ్చా అని అడిగారు.

ముందుగా ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. క్రోనోమీటర్ ధ్రువీకరణ స్విట్జర్లాండ్‌లోని సీఓఎస్‌సీ సంస్థ ఇస్తుంది. అది కేసులో (వాచీ బయటి డొల్లలో) బిగించని యంత్రాన్ని 15 రోజుల పాటు, ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల దగ్గర ఉంచి, రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనక్కీ ఆరు సెకన్లు ముందుకీ మించి పోకుండా నడుస్తోందా అని చూస్తుంది. కేసే లేని చోట నీటి మాట రానే రాదు. ఇక ఐఎస్ఓ 9001 అన్నది ఒక సంస్థ తన పనిని ఎంత పద్ధతిగా నడుపుతోందో చెప్పే ప్రమాణం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదా ఆసుపత్రి రసీదుల మీదా మీరు చూసేది అదే. దానికీ నీటి లోతుకూ ఏ సంబంధమూ లేదు. వాచీలకు సంబంధించి గుర్తుంచుకోవలసిన సంఖ్యలు రెండే: మామూలుగా నీటిని తట్టుకునే వాచీలకు 22810, డైవర్ల వాచీలకు 6425.

సర్టిఫికెట్ చూపించమని అడగడంలోనే ఒక అపోహ ఉంది, అది మనకు బంగారం దుకాణాల నుంచి వచ్చిందని నా అనుమానం. హాల్‌మార్క్ వేయాలంటే ప్రతి నగా గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి వెళ్తుంది, దాని మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ పడుతుంది, కొనేవారు దాన్ని ఫోనులో సరిచూసుకోవచ్చు. డైవ్ వాచీకి అలాంటి ఏర్పాటు లేదు. జెనీవాలో ఉన్న ఐఎస్ఓ ప్రమాణాలను రాసి ప్రచురిస్తుందే గానీ, ఏ వాచీనీ తాను పరీక్షించదు, ఏ వాచీకీ సర్టిఫికెట్ ఇవ్వదు. తయారీదారు ఆ ప్రమాణంలోని పరీక్షలన్నీ జరిపి, తన వాచీ నెగ్గిందని తానే చెప్పుకుని, ముఖం మీద 'డైవర్స్ 200 ఎం' అని ముద్రించుకుంటాడు. ఆ ముద్రే ధ్రువీకరణ. బయటి సంస్థ చేత పరీక్ష చేయించుకునేవారు అరుదు. జర్మనీకి చెందిన సిన్ సంస్థ తన యూ1 లాంటి డైవ్ వాచీలను నౌకలను తనిఖీ చేసే డీఎన్‌వీ చేత పరీక్షింపజేసి ధ్రువీకరణ పొందడం అలాంటి ఉదాహరణ. అందువల్ల జనరల్ బజార్ దుకాణదారు దగ్గర ఐఎస్ఓ కాగితం లేకపోవడం సహజమే. ఉందని వేరే కాగితం చూపించడమే తప్పు.

ఆ ముద్ర వెనక ఉన్న పరీక్షలు తేలికైనవి కావు. వాచీ కనీసం 100 మీటర్ల లోతుకు తగినదై ఉండాలి. ముఖం మీద రాసిన లోతు కంటే నాలుగో వంతు ఎక్కువ ఒత్తిడిని, అంటే 200 మీటర్ల వాచీ అయితే 25 బార్లను (ఒక బార్ దాదాపు పది మీటర్ల నీటి ఒత్తిడి), నీటిలో రెండు గంటల పాటు ఓర్చుకోవాలి. 30 సెంటీమీటర్ల నీటిలో 50 గంటలు మునిగి ఉండాలి. 40 డిగ్రీల నీటిలో పది నిమిషాలు, అక్కడి నుంచి తీసి 5 డిగ్రీల నీటిలో పది నిమిషాలు, మళ్లీ 40 డిగ్రీల నీటిలో పది నిమిషాలు ఉంచినా లోపల చెమ్మ కనిపించకూడదు. ఉప్పునీటిలో ఒక రోజంతా ఉన్నా తుప్పు పట్టకూడదు, బెజెల్ బిగుసుకుపోకూడదు. వీటికి తోడు అయస్కాంతం, దెబ్బ, పట్టీ పట్టు, ఒత్తిడిలో ఉండగా, సమయం సరిచేసే బొడిపె అయిన క్రౌన్‌ను పక్క నుంచి నెట్టడం వంటి పరీక్షలున్నాయి. కటిక చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి గంటలూ నిమిషాలూ, బెజెల్ మీద గుర్తుపెట్టుకున్న సమయం, వాచీ నడుస్తోందన్న సూచన, ఇవన్నీ కంటికి అందాలి. సెకన్ల ముల్లు మీద మన దుకాణాల్లో రేడియం అని పిలిచే పూత ఒక చుక్కయినా ఉండేది ఈ చివరి నిబంధన కోసమే. మొత్తం ప్రమాణంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే, ఎందుకంటే నీటి అడుగున ఆగిపోయిన వాచీని నడుస్తోందని నమ్మడం కంటే వాచీ లేకపోవడం మేలు.

ఒక ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. 'వాటర్ రెసిస్టెంట్' అని మాత్రమే రాసిన వాచీల విషయంలో 22810 ప్రకారం ఒక విడత నుంచి కొన్నింటిని తీసి పరీక్షిస్తే సరిపోతుంది. 'డైవర్స్' అని రాయాలంటే నీటి నిరోధ పరీక్షకు ప్రతి వాచీనీ పెట్టాలి. కొత్త వాచీ కొంటున్నప్పుడు ఆ మాటకు మీరు చెల్లించే అదనపు డబ్బు దీనికోసమే, నా లెక్కలో అది న్యాయమైన ఖర్చే. సీకో ఎస్‌కేఎక్స్007, సిటిజన్ ప్రోమాస్టర్ ఎన్‌వై0040, కాసియో ఫ్రాగ్‌మ్యాన్ ఈ కోవలోవి. సీకో వారే తర్వాత ఎస్‌కేఎక్స్ పోలికలతో తెచ్చిన 5 స్పోర్ట్స్ వాచీలను పక్కన పెట్టి చూడండి: అదే ఆకారం, అదే బెజెల్, కానీ 100 మీటర్లే, క్రౌన్‌కు మర బిగింపు లేదు, డైవర్స్ అన్న మాటా లేదు. రూపం చూసి కొనేవారు అక్కడ మోసపోతారు, రాత చదివి కొనేవారు మోసపోరు.

అయితే ముద్ర లేకపోతే వాచీ పనికిరాదన్న నిర్ణయానికి మాత్రం రావద్దు. బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్, రోలెక్స్ సబ్‌మెరైనర్ 1953 నాటివి. అప్పటికి ఈ ప్రమాణమే పుట్టలేదు. ఈనాటి సబ్‌మెరైనర్ ముఖం మీద కూడా 300 మీటర్లని ఉంటుంది గానీ డైవర్స్ అని ఉండదు. ఓరియెంట్ వారి మాకో, కమాసు, మన పాఠకుడు తిరిగి ఇచ్చేసిన కాసియో డ్యూరో కూడా అంతే. ఆయన మంచి వాచీని వదులుకున్నారు. అందులో మర బిగింపు క్రౌన్ ఉంది, ఒకే వైపు తిరిగే బెజెల్ ఉంది, కూకట్‌పల్లి ఈత కొలనుకు 200 మీటర్లు అవసరానికి మించే ఉంది. ఈత కొడుతూ చేయి విసిరితే ఒత్తిడి పదింతలవుతుందని భయపెట్టేవారి మాటలు పట్టించుకోకండి. సెకనుకు ఐదు మీటర్ల వేగంతో చేయి విసిరినా అదనంగా పడే ఒత్తిడి మీటరుంపావు నీటి బరువుకు మించదు.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. మీ ఉత్తరాల్లో పదే పదే కనిపించిన, నాకు నిజంగా బాధ కలిగించిన పొరపాటు ఇది: కోఠిలో రోడ్డు పక్కన సెల్లు మార్పించుకుని, 'ఇది ధ్రువీకరణ ఉన్న వాచీ కదా' అన్న ధీమాతో నీళ్లలోకి దిగడం. డైవర్స్ అన్న ముద్ర ఆ వాచీ కర్మాగారం నుంచి బయటికి వచ్చిన నాటి స్థితికి సాక్ష్యం. వెనక మూత ఒకసారి తెరిచాక ఆ సాక్ష్యానికి కాలం చెల్లినట్టే. వాచీలోకి నీరు రాకుండా ఆపేది లోహం ఒక్కటే కాదు. మూత కింద గాడిలో కూర్చునే సన్నని రబ్బరు రింగు, క్రౌన్ లోపలి రింగు, అద్దం చుట్టూ ఉండే రింగు, ఈ మూడూ కలిసి ఆపుతాయి. మూత తెరిచినప్పుడు ఆ రింగును తీసి చూడాలి. గుండ్రంగా ఉండవలసిన దాని అంచు పలకగా అణిగిపోయిందా, గోటితో నొక్కితే తిరిగి లేస్తోందా, ఎక్కడైనా సన్నని పగులు ఉందా అని పరిశీలించాలి. గాడిని శుభ్రం చేసి, రింగుకు సిలికాన్ గ్రీజు పల్చగా పట్టించి, మెలిక పడకుండా కూర్చోబెట్టి మూత బిగించాలి. ఆ గాడికి అడ్డంగా ఒక్క వెంట్రుక పడినా, గుడ్డ నూలుపోగు ఒకటి ఇరుక్కున్నా నీటికి దారి దొరికినట్టే. సెల్లు మార్చే మనిషికి ఈ విద్య తెలియదని నేను అనను. ఐదు నిమిషాల్లో అయిపోవాలని మనమే తొందరపెడుతుంటే ఆయన ఇవన్నీ ఎప్పుడు చేస్తారు?

మూత తెరవకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన వాచీలో ఇంకా త్వరగా అవుతుంది. బోరు నీళ్లతో స్నానం చేసే ఇళ్లలో తెల్లటి ఉప్పు పొర క్రౌన్ మరల్లోనూ బెజెల్ సందుల్లోనూ పేరుకుని, క్రౌన్‌ను పూర్తిగా బిగుసుకోనివ్వదు. బిగిసిందని మన వేళ్లకు అనిపిస్తుంది, లోపలి రింగు మాత్రం సరిగా నొక్కుకోదు. పదేళ్ల నాటి ఎస్‌కేఎక్స్‌ను ఆబిడ్స్‌లో పాత వాచీగా కొన్నవారు దాని ముఖం మీది డైవర్స్ అన్న మాటను ఇష్టంగా చూసుకోవచ్చు, కానీ దాన్ని నమ్మి నీళ్లలోకి దిగకూడదు.

మరి దేన్ని నమ్మాలి? ఈ వారం చేసిన ఒత్తిడి పరీక్షను. ఆ యంత్రాలు రెండు రకాలు. పొడి పరీక్షలో వాచీని గదిలాంటి పాత్రలో ఉంచి గాలి ఒత్తిడి పెంచుతారు. మూతా అద్దమూ వెంట్రుకవాసి లోపలికి అణుగుతాయి, ఆ అణుగు అలాగే నిలిస్తే గాలి లోపలికి చొరబడటం లేదని అర్థం. తడి పరీక్షలో వాచీని నీటికి పైన వేలాడదీసి, గాలి ఒత్తిడి పెంచి కొంతసేపు ఉంచి, ఆ తర్వాత నీటిలోకి దించి, ఒత్తిడిని మెల్లగా తగ్గిస్తారు. సందు ఉంటే ముందే లోపలికి దూరిన గాలి ఇప్పుడు వరుసగా బుడగలై బయటికి వస్తుంది. అవి క్రౌన్ దగ్గర పుడుతున్నాయా, మూత అంచున పుడుతున్నాయా అన్నది చూస్తే ఏ రింగు పోయిందో తెలిసిపోతుంది. బుడగ కనిపించగానే, ఒత్తిడి పూర్తిగా దిగకముందే వాచీని నీటి పైకి లాగేయాలి, లేకపోతే నీరు లోపలికి వెళ్తుంది. నేనైతే తొలి పరీక్షగా పొడి పద్ధతినే అడుగుతాను. అది నెగ్గని వాచీని నీటి దగ్గరికి తీసుకెళ్లవలసిన పనే ఉండదు.

ఇప్పుడు మీ మీ అవసరాలకు వద్దాం. స్నానం, వాన, ఈత కొలను వరకే అయితే ముద్రను పట్టించుకోకండి. 100 మీటర్లు, మర బిగింపు క్రౌన్, ఏడాదికోసారి ఒత్తిడి పరీక్ష చాలు. విశాఖలోనో, నేత్రాణిలోనో, అండమాన్‌లోనో స్కూబా నేర్చుకోవాలనుకునేవారు తొలి కోర్సులో 18 మీటర్లు దిగుతారు, వినోదానికి దిగేవారి గరిష్ఠ హద్దు 40 మీటర్లు. అక్కడ లోతునూ సమయాన్నీ లెక్కించే పని డైవ్ కంప్యూటర్‌ది. అది మొరాయిస్తే ఆధారపడటానికే చేతి వాచీ కావాలనుకుంటే, అప్పుడు మాత్రం డైవర్స్ ముద్ర ఉన్న కొత్త వాచీనే కొనండి. చీకట్లో కనపడటం, బెజెల్ పొరపాటున తిరిగినా మిగిలిన సమయాన్ని ఎక్కువ చేసి చూపించకపోవడం వంటివి ఒత్తిడి పరీక్షలో తేలేవి కావు, ప్రమాణమే వాటికి పూచీ. హీలియం కవాటం కోసం మాత్రం డబ్బు పెట్టకండి. అది పీడన గదుల్లో రోజుల తరబడి హీలియం కలిసిన గాలి పీలుస్తూ బతికే వృత్తి డైవర్లకు పనికొచ్చేది.

అభ్యాసం ఈసారి కాస్త కష్టమైనదే, అయినా వదలకుండా చేయండి. ప్రమాణంలో ఉన్న చెమ్మ పరీక్షనే ఇంట్లో చేద్దాం. వేడి నీళ్లున్న గిన్నె మీద స్టీలు పళ్లెం బోర్లించి, ఆ పళ్లెం వేడి 40 నుంచి 45 డిగ్రీల మధ్య ఉందని థర్మామీటరుతో సరిచూసుకోండి. క్రౌన్ బిగించి ఉందో లేదో చూసి, వాచీని వెనక మూత పళ్లేనికి ఆనేలా పెట్టి, వాచీ వెచ్చబడేదాకా పావుగంట ఉంచండి. తర్వాత అద్దం మధ్యలో మామూలు కుండ నీటి బొట్టు ఒకటి వేసి, ఒక నిమిషం ఆగి, మెత్తని గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురులో వాలుగా పట్టి చూడండి. అద్దం లోపలి వైపున బొట్టు ఉన్న చోట మసక పొర కనిపిస్తే లోపల చెమ్మ ఉన్నట్టే; ఆ వాచీ ఎంత పెద్ద పేరున్నదైనా ఆ రోజే మెకానిక్‌కు ఇవ్వండి, ఎండలో పెట్టి ఆరబెట్టే ప్రయత్నం చేయకండి. మసక లేనంత మాత్రాన వాచీ ఒత్తిడిని తట్టుకుంటుందని అనుకోకండి; ఈ పరీక్ష ఇప్పటికే లోపలికి చేరిన చెమ్మను మాత్రమే పట్టిస్తుంది.

ఆ తర్వాత మీకు దగ్గరలోని సర్వీసు కేంద్రంలో ఒత్తిడి పరీక్ష చేయించి, ఎన్ని బార్ల దగ్గర పరీక్షించారో, పొడి పద్ధతో తడి పద్ధతో అడిగి, తేదీతో సహా ఒక చీటీ మీద రాయించుకుని వాచీ పెట్టెలో ఉంచండి. మూత చివరిసారి ఎప్పుడు తెరిచారో, రింగు మార్చారో లేదో గుర్తున్నంత వరకు అదే చీటీ వెనక రాయండి. ఆ వివరాలు నాకు పంపండి. బెజెల్ పాఠం ఆ జవాబులు చేరాకే మొదలుపెడతాను.