రాళ్ల దారిలో టైరు నిలవడం లేదా? ముందు చిల్లు ఎక్కడ పడిందో చూడండి

హైదరాబాద్‌లో ఖాజాగూడ లాంటి గుట్టల మీద మౌంటెన్ బైక్ తొక్కేవాళ్లకు పంక్చర్లు మామూలే. ఎండకూ వానకూ అరిగి నునుపెక్కిన పెద్ద బండలతో అంత ఇబ్బంది లేదు. టైరును కోసేది పగిలిన గ్రానైట్ ముక్కల అంచులే. పంక్చర్ కాగానే ఖరీదైన టైరు ఆర్డర్ పెట్టేయకండి. పాత టైరు విప్పి చూస్తే ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో తెలుస్తుంది.

ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలు

ఇది పాము కాటులా కనిపిస్తుంది. గాలి తక్కువగా ఉండి, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. ముందు రెండు మూడు పీఎస్ఐ గాలి పెంచి చూడండి. అలాగని పంక్చర్ షాపులో కంప్రెసర్‌తో రాయిలా బిగించేస్తే రాళ్ల మీద పట్టు పోతుంది. రిమ్ము ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చేదైతే ట్యూబే తీసేయడం మంచిది.

ఒకటే సన్నని చిల్లు

చాలాసార్లు సర్కారు తుమ్మ ముల్లు పనే. ట్యూబు మార్చేముందు టైరు లోపల గుడ్డతో తుడవండి, విరిగిన మొన ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. చిల్లు రిమ్ము వైపు ఉంటే మాత్రం టైరుది తప్పు కాదు, రిమ్ము లోపల చుట్టే పట్టీ (రిమ్ టేప్) జరిగింది.

టైరు పక్క చీలి, దారాలు కనిపించడం

అసలు తలనొప్పి ఇదే. నేల తాకే భాగంలో రబ్బరు మందంగా ఉంటుంది, పక్కల పలచన. తేలిక టైర్లలో మరీ పలచన. పదునైన రాళ్ల మధ్య నుంచి దూరేటప్పుడు అక్కడే కోసుకుపోతుంది. ట్యూబ్‌లెస్ టైరు లోపల పోసే సీలెంట్ ద్రవం చిన్న చిల్లులను మూస్తుంది కానీ ఇలాంటి చీలికను ఆపలేదు. ఇంటికి చేరడానికి ఖాళీ టూత్‌పేస్ట్ ట్యూబు నుంచి కోసిన ముక్కను లోపల అడ్డం పెట్టి, కొత్త ట్యూబు వేసి, నెమ్మదిగా తొక్కండి. అడ్డంగా పాత ట్యూబు ముక్క పెట్టకండి, అది సాగుతుంది కాబట్టి ఉబ్బిపోతుంది.

తర్వాత కొనేటప్పుడు నాబ్స్ (టైరు మీది రబ్బరు బుడిపెలు) డిజైన్ కన్నా కేసింగ్ (రబ్బరు కింద దారాలతో అల్లిన పొరలు) చూడండి. మాక్సిస్ కంపెనీ టైర్లలో ఎక్సో, ఎక్సో ప్లస్, డబుల్‌డౌన్, డీహెచ్ వరుసలో బలం పెరుగుతుంది. ష్వాల్బే కంపెనీలో ఆ వరుస సూపర్ ట్రెయిల్, సూపర్ గ్రావిటీ, సూపర్ డౌన్‌హిల్. టీపీఐ (అంగుళానికి ఎన్ని దారాలో చెప్పే) అంకె ఎక్కువైతే టైరు గట్టిదని చాలామంది అనుకుంటారు. అది దారాల సాంద్రత మాత్రమే, ఎన్ని పొరలున్నాయో చెప్పదు. బరువు మీద బెంగ ఉంటే వెనక టైరు ఒక్కటే మందంది వేయండి. దెబ్బలు ఎక్కువ దానికే.

నాబ్స్ మొదళ్ల దగ్గర చిరిగి ఊడిపోవడం

మెత్తటి రబ్బరు బండ మీద బాగా పట్టుకుంటుంది, తొందరగా చిరుగుతుంది కూడా. ముందు చక్రానికి మెత్తది ఉంచి, వెనక చక్రానికి కాస్త గట్టి కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) ఉన్నది వేయండి. వెనక బ్రేకు బిగించి చక్రాన్ని ఈడ్చే అలవాటుంటే ఏ రబ్బరూ ఆగదు.

ట్యూబ్‌లెస్ అయినా చిన్న చిల్లుకే గాలి పోవడం

సీలెంట్ ఎండిపోయి ఉంటుంది. మన ఎండలకు రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి. చక్రం తీసి ఊపినప్పుడు లోపల ద్రవం కదిలే చప్పుడు రాకపోతే మళ్లీ పోయండి.