ఇంటి ప్రార్థన ఇరవై నిమిషాలు, మిగతాది సోమవారం

కుటుంబ ప్రార్థన మొదలుపెట్టే క్రైస్తవ ఇళ్ళలో చాలావాటికి ఒకటే రోగం. జనవరి ఒకటిన గంటసేపు పాటలు, ఇంకో గంట ప్రార్థన. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఎవరి గదిలో వాళ్ళు. భక్తి తగ్గి కాదు, మోతాదు ఎక్కువై ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి: పాటకు నాలుగు, వాక్యం చదవడానికి నాలుగు, దాని గురించి మాట్లాడుకోవడానికి ఏడు, ప్రార్థనకు ఐదు. వారానికి ఐదు రోజులు చాలు. ఆదివారం, సంఘంలో వారం మధ్య కూడిక ఉండే రోజు ఇంట్లో వద్దు.

వేళ విషయంలో విశాఖలో ఒకటే నియమం పనికిరాదు. స్టీల్ ప్లాంటులో షిఫ్టులు మారే ఇంట్లో "రోజూ రాత్రి ఎనిమిదింటికి" అని పెట్టుకుంటే, మధ్యాహ్నం షిఫ్టు వారం రాగానే తండ్రి లేకుండా నడుస్తుంది, ఆ తర్వాత అసలు నడవదు. గడియారాన్ని కాకుండా భోజనాన్ని పట్టుకోండి. అందరూ కలిసి తినే పూట ఏదైతే దానికి ముందు. రాత్రి షిఫ్టు వారంలో అది ఉదయం టిఫిన్ కావచ్చు. జాలరిపేటలో వేటకు వెళ్ళే ఇళ్ళకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే రెండు నెలలే మొదలుపెట్టడానికి మంచి కాలం, మగవాళ్ళు ఇంటిపట్టున ఉంటారు కాబట్టి. ఆ రోజుల ఉక్కపోతలో గదిలో కూర్చోబెడితే పిల్లల బుర్ర పనిచేయదు, డాబా మీదకి వెళ్ళండి. మైకు మాత్రం వద్దు. నలుగురున్న ఇంట్లో మైకు దేవుడికీ అక్కర్లేదు, పక్కింటివాళ్ళకీ అక్కర్లేదు.

చదవాల్సిన భాగం

బైబిలు తెరిచి వేలు పడిన చోట చదవడం, కొత్త సంవత్సరం రోజు తీసిన వాగ్దానపు చీటీనే ఏడాదంతా చదవడం, రెండూ వద్దు. మీ గురించి నా ఉద్దేశాలు క్షేమానికే గానీ హానికి కావని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 చీటీ వచ్చిన ఇల్లు మన సంఘాల్లో లేకుండా ఉండదు. అది బబులోనుకు చెరపట్టబడి వెళ్ళినవాళ్ళకు రాసిన ఉత్తరం. పై వచనంలోనే డెబ్బై ఏళ్ళు పడుతుందని ఉంది. ఇంకాస్త పైకి, ఏడో వచనంలో, మీరు చెరగా వెళ్ళిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండని ఉంది. చీటీ మీద అది ఉండదు. నాలుగో వచనం నుంచి చదివిన ఇంట్లో ప్రార్థన ఎటు పోతుందో చూడండి: కొడుకు ఉద్యోగం ఒక్కటే కాదు, వీధి చివర పొంగే కాలువ, రెండు రోజులకోసారి వచ్చే కుళాయి నీళ్ళు కూడా ప్రార్థనలోకి వస్తాయి.

మొదటిసారి అయితే మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, దాదాపు 680 వచనాలు. రోజుకు పన్నెండు వచనాల లెక్కన వారానికి ఐదు రోజులు చదివితే మూడు నెలల లోపు అయిపోతుంది. ఆ తర్వాత యాకోబు పత్రిక, దాని తర్వాత ఆమోసు. పన్నెండు వచనాలు అన్నాం కదా అని కథ మధ్యలో ఆపకండి. స్వస్థత జరిగే చోట ఆపి "మిగతాది రేపు" అంటే పెద్దవాళ్ళు కూడా మరిచిపోతారు. ఒక సంఘటన అయ్యేదాకా చదవండి, పదిహేను వచనాలు అయినా సరే.

పాత బైబిలు భాష ఏడో తరగతి పిల్లలకు అందదు. ఒకరు బైబిల్లో ఉన్నట్టు చదవాలి, ఇంకొకరు పుస్తకం మూసి అదే విషయాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్ళీ చదవండి. తెలుగులో సువార్తలు తేవడానికి ఈ ఊళ్ళోనే పెద్ద ప్రయాస జరిగింది. 1805లో విశాఖ వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజస్ ఆ పనికి దిగారు. డెస్ గ్రాంజస్, క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ సాయంతో చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఆయన పోయాక, 1812లో, బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. విన్నవాళ్ళకు అర్థం కావాలనే ఆ కష్టం. రెండు వందల ఏళ్ళ తర్వాత మనం గబగబా చదివి ఆమెన్ అంటే దానికి అర్థం లేదు.

మూడు ప్రశ్నలు

చదివాక ప్రసంగం వద్దు. తండ్రి ప్రసంగం మొదలుపెట్టిన రోజే పిల్లలు గోడ గడియారం చూడటం మొదలుపెడతారు. మూడే ప్రశ్నలు: ఇక్కడ దేవుడు ఎలాంటివాడని తెలుస్తోంది? మనుషులు ఏం చేశారు? రేపు ఈ వేళకు మనం ఏం చేసి ఉండాలి?

మొదటి రెండూ ఎవరైనా చెప్పేస్తారు. మూడోదాని దగ్గరే తప్పించుకుంటాం. "ప్రేమగా ఉండాలి", "నమ్మకం పెంచుకోవాలి" అన్న జవాబులు ఒప్పుకోకండి. జవాబులో ఒక మనిషి గానీ, ఒక మొత్తం గానీ, ఒక వేళ గానీ ఉండాలి. లూకా 19లో జక్కయ్య చెప్పింది అలాంటిదే: సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. మారిపోయానని అతను చెప్పలేదు, లెక్క చెప్పాడు. కింద వాచ్‌మన్ భార్య కేజీహెచ్‌లో (విశాఖ పెద్దాసుపత్రిలో) ఉంటే, రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకు క్యారేజీ ఎవరు పట్టుకెళ్ళాలి? జవాబు అలా ఉండాలి. మర్నాడు పాటకు ముందే దాన్ని అడగాలి, జరిగిందా లేదా అని. అడగకపోతే వారంలో అందరూ తెలివి మీరిపోతారు. ఒకటే పని పెట్టుకోండి. మూడు పెట్టుకుంటే ఒక్కటీ జరగదు.

ప్రార్థనలో జరిగే తప్పులు

అన్నింటికన్నా చెడ్డది, ప్రార్థన పేరుతో తిట్టడం. "ప్రభువా, ఈ పిల్లవాడు ఫోను వదిలి పుస్తకం పట్టేలా బుద్ధి దయచేయండి" అని పిల్లవాడి ఎదుటే గట్టిగా చేస్తే అది దేవుడితో మాట్లాడటం కాదు. కళ్ళు మూసుకుని మందలించడం. ఆ పిల్లవాడు పదిహేడో ఏట ప్రార్థనకు ఎందుకు రావట్లేదని తర్వాత పాస్టర్ గారిని అడుగుతారు. చెప్పాల్సింది ముఖాముఖి, వేరే వేళలో చెప్పండి.

రెండోది, ప్రార్థన మనవుల పేరుతో ఊళ్ళో కబుర్లు. ఎవరి ఇంట్లో గొడవ జరిగిందో వివరాలు చెప్పకుండా కూడా వాళ్ళ కోసం ప్రార్థించవచ్చు. ఆ మనిషి ఎదురుగా ఉంటే ఇదే మాట అనేవాళ్ళమా? అనలేమంటే పేరు లోపలే ఉంచుకోండి.

మాట మాటకీ "ప్రభువా, తండ్రీ, స్తోత్రం" అని కలపడం అలవాటైపోయినవాళ్ళు ఒక వారం చిన్న వాక్యాలతో చేసి చూడండి. ముందుగా ఆ రోజు జరిగిన ఒక మంచికి కృతజ్ఞత, తర్వాత ఆ రోజు చేసిన తప్పు ఒకటి, పేరు పెట్టి, తర్వాత ఇతరులు, చివరగా మన అవసరం. మామూలుగా మనం చేసేది దీనికి తలకిందులు, అందుకే ఇతరుల వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. పిల్లలు ఒక్క వాక్యం చేసినా చాలు.

నలభై పేజీల నోటు పుస్తకం ఒకటి పెట్టండి. ఎడమ పక్క తేదీ, మనవి. కుడి పక్క ఏమైందో. జరగనివి కూడా రాయాలి. "డీఎస్సీ రాలేదు", "మామయ్య బతకలేదు" అని రాయడానికి భయపడితే ఆ పుస్తకం సాక్ష్యాల ప్రకటన అయిపోతుంది. కీర్తనల్లోనే ఆ ధైర్యం ఉంది. 13వ కీర్తన ఎంతకాలం అని అడుగుతూ మొదలై ఆరు వచనాల్లో నమ్మకం దగ్గరికి వస్తుంది. 88వ కీర్తన అలా కూడా రాదు, చీకట్లోనే ఆగిపోతుంది. చావు జరిగిన ఇంట్లో మొదటి వారమే సంతోష గీతాలు పాడించకండి, 88 చదివి ఊరుకోండి.

జబ్బు కోసం ప్రార్థించేటప్పుడు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. యేసు చెప్పిన కథలో, దారిలో పడి ఉన్నవాడి గాయాలకు సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. బీపీ, షుగరు మాత్రలు ఎవరి మాట మీదా ఆపకండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. ఉపవాసం ఉండే మిగతావాళ్ళు యెషయా 58 చదివి ఉండండి. అందులో ఉపవాసానికి ఆకలిగొన్నవాడి అన్నంతో సంబంధం ఉంది. నలుగురు ఒక పూట మానితే అర కిలో బియ్యం, వంద గ్రాముల కందిపప్పు మిగులుతాయి. అది డబ్బాలో వేరుగా పొయ్యండి. నాలుగు శుక్రవారాలకు రెండు కిలోల బియ్యం, నాలుగు వందల గ్రాముల పప్పు. నెలాఖరున ఎవరికి ఇవ్వాలో మొదటి శుక్రవారమే అనుకోవాలి, లేకపోతే ఆ బియ్యం మన కుండలోకే వస్తుంది.

ఆదివారం శనివారం మొదలవుతుంది

శనివారం రాత్రి మూడు పనులు. కానుక ఎంతో ఇంట్లోనే నిర్ణయించి కవరులో పెట్టండి. సంచి ఎదురుగా వచ్చినప్పుడు జేబులో చిల్లర వెతకడం, పక్కవాళ్ళు చూస్తున్నారని ఐదొందలు వేయడం, రెండూ దాంతో పోతాయి. మొదటి కొరింథీ 16లో పౌలు చెప్పింది కూడా వారం వారం వేరుగా తీసిపెట్టమనే. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు ఇవ్వడం మీద సంఘాల మధ్య తేడాలున్నాయి, వాటిలోకి ఇక్కడ వెళ్ళడం లేదు. కిరాణా కొట్లో మూడు నెలల బాకీ ఉంచి అందరూ చూసేలా పెద్ద కానుక ఇవ్వడం మాత్రం తప్పే. ముందు కొట్టువాడి బాకీకి నెలకింత అని కట్టండి, కానుక చిన్నదైనా ఆపకుండా ఇవ్వండి.

రెండో పని, ఎవరితోనైనా మాట పడి ఉంటే శనివారమే ఫోను చేయడం. మత్తయి 5 ప్రకారం అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళాల్సింది అక్కడికే. మూడోది నిద్ర. పదకొండున్నర దాకా సీరియల్ చూసి ఉదయం ప్రసంగంలో కునికితే తప్పు పాస్టర్ గారిది కాదు.

సంఘంలో పాడే పాటల్లో మాటలు వినండి. "నాకు", "నన్ను", "నాది" తప్ప దేవుడు ఏం చేశాడో చెప్పే చరణం లేని పాటలు రోజూ వస్తుంటే, పాటలు నడిపించేవాళ్ళకు మెల్లగా చెప్పండి. కీబోర్డు, ప్యాడ్ల హోరులో సంఘం గొంతు వినపడకపోతే అది ఆరాధన కాదు, కచేరీ. ఆమోసు 5లో దేవుడు పాటల ధ్వని తీసేయమన్నాడు, న్యాయం నీళ్ళలా పారాలన్నాడు.

ప్రభు రాత్రి భోజనానికి ముందు తన్ను తాను పరీక్షించుకోవడం అంటే చాలామంది దొంగచాటు పాపాలే గుర్తుచేసుకుంటారు. కొరింథులో పౌలుకు కోపం వచ్చింది వేరే దానికి: ఉన్నవాళ్ళు ముందు తినేశారు, లేనివాళ్ళు ఆకలితో ఉండిపోయారు. కాబట్టి పరీక్షించుకోవాల్సింది ప్రేమ విందు బంతి దగ్గర కూడా. ముందు వరుస కుర్చీలు ఎవరికి వేశాం? చివరి బంతిలో ఎవరు మిగిలారు? వాళ్ళకు ముక్కలు మిగిలాయా, పులుసు మాత్రమేనా?

సోమవారం

కొట్టు నడిపేవాళ్ళకు లేవీయకాండం 19 చాలు: సరైన త్రాసు, సరైన తూకపురాళ్ళు. ఎలక్ట్రానిక్ కాటా మీద ముందు ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి ఆ తర్వాతే సరుకు వేయండి. స్వీట్ల కొట్లో అట్టపెట్టె బరువు మిఠాయి ధరకు అమ్మడం ఎంత మామూలైపోయిందంటే అది తప్పని ఎవరికీ అనిపించదు. యాభై గ్రాముల పెట్టె, కిలో ఆరు వందల మిఠాయి అయితే పెట్టెకు ముప్పై రూపాయలు. రోజుకు ఇరవై పెట్టెలకు ఆరు వందలు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి. చేపలమ్మేవాళ్ళు ఐసు దులిపి తూయాలి.

ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం తేదీ చెప్పి ఆ తేదీకే ఇవ్వండి. ద్వితీయోపదేశకాండం 24లో కూలి ఆ రోజే, పొద్దు గుంకకముందే ఇమ్మని ఉంది, వాడు దాని మీదే ఆశ పెట్టుకుంటాడు కాబట్టి. "జీతం ఇంకా పడలేదమ్మా" అనే ఇంట్లో అదే వారం బిర్యానీ ఆర్డరు వస్తే ఆమెకు కనిపిస్తుంది. ఆటో నడిపేవాళ్ళకు పరీక్ష రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దగ్గర వస్తుంది, రోగితో కేజీహెచ్‌కు వెళ్ళాల్సినవాడు బేరం ఆడలేని స్థితిలో ఉన్నప్పుడు. మామూలు రేటే చెప్పండి.

వాట్సాప్‌లో ఇంకో మతంవాళ్ళ మీద వచ్చిన వార్త నిజమో కాదో తెలియకుండా పంపితే అది అబద్ధ సాక్ష్యం కిందికే వస్తుంది, పంపింది ప్రార్థన గ్రూపులోకైనా సరే. పక్కింటివాళ్ళు సింహాచలం చందనోత్సవానికి వెళ్ళి ప్రసాదం తెస్తే తీసుకోవాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షి వాళ్ళది. రోమా 14, మొదటి కొరింథీ 10 చదివి తేల్చుకోండి. తీసుకోకపోయినా ముఖం మాడ్చుకోకండి, నవ్వుతూ లోపలికి పిలిచి కాఫీ ఇవ్వండి.

ఆగిపోతే

పరీక్షలు, పెళ్ళిళ్ళు, తుపాను, ఏదో ఒకటి వచ్చి వరుస తెగుతుంది. పోయిన రోజుల భాగాలన్నీ ఒకేసారి చదివి పూడ్చాలని చూడకండి, మళ్ళీ ఆగిపోయేది అక్కడే. ఆపిన చోటు తర్వాతి సంఘటనతో మొదలుపెట్టండి. పదిరోజులకు పైగా తెగితే మొదటి వారం ఏడు నిమిషాలే: 117వ కీర్తన లాంటి చిన్నది (రెండే వచనాలు), ఒకరి ప్రార్థన, రేపటి పని ఒకటి. పాట రెండో వారం నుంచి. ఎదిగిన కొడుకో కూతురో కూర్చోనంటే తలుపు కొట్టి లాక్కురాకండి. వాక్యం అయ్యేదాకా ఉండి ప్రార్థనకు ముందు లేచి వెళ్ళవచ్చని ముందే చెప్పండి. మూడో ప్రశ్నకు తేలిన పనిలో మాత్రం వాళ్ళకూ వాటా ఇవ్వండి. క్యారేజీ కేజీహెచ్‌కు తీసుకెళ్ళడానికి బండి నడిపేది ఎలాగూ వాళ్ళే.