పిల్లలు అడుగుపెట్టే చిన్న పొలం

ఒక ఎకరం, అంటే 40 గుంటల నేల ఉంటే, కుటుంబమంతా కలిసి సందర్శకులను ఆహ్వానించే తోటను మొదలుపెట్టవచ్చు. అయితే మొక్కల కంటే ముందు చూడవలసింది బావి. దాని చుట్టూ పిల్లలు ఎక్కలేనంత ఎత్తున గోడ కట్టించి, పైన ఇనుప జాలీ వేయించి, మోటారు తీగలను, స్టార్టరు పెట్టెను వారికి అందని చోట అమర్చిన తర్వాతే ఎవరినైనా పిలవాలి. ఈ విషయంలో రాజీ పడకూడదని నా గట్టి అభిప్రాయం.

పంటలను పిల్లల ఓపికను బట్టి ఎంచుకోండి. తోటకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది కనుక, విత్తనం చల్లిన పిల్లలే మళ్లీ వచ్చి కోసుకోగలరు. నేల తేలికైనదైతే రెండు మూడు గుంటల్లో వేరుశనగ తప్పక వేయండి. జూన్, జూలైలలో విత్తిన మొక్కను నాలుగో నెలలో పీకి, మట్టి దులిపి, పచ్చికాయను వేళ్ల మధ్య నొక్కి చిట్లించి, లోపలి లేతగింజను నోట్లో వేసుకున్న పిల్లలు ఆ రుచిని మరచిపోరు.

రెండు మేకలు, పది నాటుకోళ్లు చాలు. కొత్తగా ఈనిన ఆవు దగ్గరకు మాత్రం పిల్లలను పంపకండి. జీవాలను తాకిన ప్రతి ఒక్కరూ తినేముందు చేతులు కడుక్కునేలా పాక పక్కనే కుళాయి, సబ్బు ఉంచండి. వేరుశనగ పీకే రోజులు తప్ప, మిగతా సందర్శనలను నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పెట్టుకుంటే ఎండ బాధ ఉండదు.