రాతిపువ్వు, మరాఠీ మొగ్గ: కూరలో ఎప్పుడు, ఎంత వేయాలి

బిర్యానీ దినుసుల ప్యాకెట్ కొంటే లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క ముందే అయిపోతాయి. ఎండిన ఆకు తునకల్లా ఉండే రాతిపువ్వు, పెద్ద లవంగంలా కనిపించే మరాఠీ మొగ్గ మాత్రం అడుగున మిగిలిపోతాయి. ఊరికే వాసన చూస్తే రెండూ ఏమంత అనిపించవు. నూనెలో వేగితేనే వాటి గుణం తెలుస్తుంది.

రాతిపువ్వు బండల మీద, చెట్ల బెరడు మీద పొరలా పెరిగే లైకెన్, అంటే శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవి. అందుకే ఇసుక, బెరడు ముక్కలు దానితోపాటే వస్తాయి. ముందు జల్లెడలో వేసి దులపండి, గట్టిగా తగిలే పుల్లలు ఏరేయండి. ఆ తర్వాత నీళ్లలో ఒక్కసారి జాడించి, గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే నూనెలో చిటపటలాడి మీద పడుతుంది. కొనేటప్పుడు ఒకవైపు నలుపు, రెండోవైపు బూడిద రంగు ఉన్న వెడల్పాటి రేకులు చూసుకోండి. పొడిపొడిగా రాలిపోయినదాంట్లో దుమ్మే ఎక్కువ.

అరకిలో మటన్‌కో, నలుగురికి సరిపడే పుట్టగొడుగుల కూరకో రెండు రూపాయల బిళ్లంత రేకులు రెండు, మరాఠీ మొగ్గ ఒకటి చాలు. మూడు టేబుల్ స్పూన్ల నూనె మధ్యస్థ మంట మీద కాగాక ముందుగా మొగ్గ వేయండి. అది గట్టిది, వేగడానికి దాదాపు నిమిషం పడుతుంది. తర్వాత దాల్చినచెక్క, లవంగాలు, చివరగా రాతిపువ్వు. ఇరవై సెకన్లలో రేకుల అంచులు ముడుచుకుని, పొగ తగిలిన మట్టిలాంటి వాసన వస్తుంది. ఆ క్షణంలోనే ఉల్లిపాయలు వేసేయాలి. ఇంకాస్త ఆగితే రేకు మాడి, కూరంతా చేదెక్కుతుంది. ఆ చేదు తర్వాత ఎంత ఉడికించినా పోదు. నూనె పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

ఉడుకుతున్న పులుసులో నేరుగా వేస్తే వాసన సరిగా దిగదు. హైదరాబాదీ నిహారీలో (ఎముకల మాంసంతో చేసే పులుసు) గుడ్డలో మూటగా, పొట్లీ కట్టి వేస్తారు కదా అంటే, అక్కడ ఎముకల కొవ్వు తేలే రసంలో అది గంటల తరబడి ఉడుకుతుంది.

కుర్మా పొడికైతే ధనియాలు 2 టేబుల్ స్పూన్లు, జీలకర్ర 1 టీస్పూన్, మిరియాలు అర టీస్పూన్, అంగుళం దాల్చినచెక్క, లవంగాలు 4, మరాఠీ మొగ్గ 1, నలిపిన రాతిపువ్వు 1 టీస్పూన్ తీసుకోండి. మొగ్గను ముందు చితక్కొట్టండి, లేకపోతే మిక్సీలో పలుకులుగా మిగులుతుంది. రాతిపువ్వు తప్ప అన్నీ దోరగా వేయించి స్టవ్ ఆపేయండి. రెండు చుక్కల నూనెతో రాతిపువ్వును ఆ వేడి మూకుడులోనే కలపండి. చల్లారాకే పొడి చేయాలి. ఈ పొడి రెండు మూడు కూరలకు వస్తుంది.

ఇందులో అనాసపువ్వు వేయకపోవడమే నయం. దాని తీపి వాసన ముందు రాతిపువ్వు తేలదు. శనగలు, బీన్స్, పుట్టగొడుగులు, మటన్ వంటి చిక్కటి కూరలకు ఇది బాగా నప్పుతుంది. పప్పుచారు, రసాలకు వద్దు. మరాఠీ మొగ్గకైతే బిసిబేళెబాత్ పొడిలో ఎప్పటి నుంచో చోటుంది, సాంబారు అన్నం ఇష్టపడేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

రాతిపువ్వు చెమ్మను ఇట్టే పీలుస్తుంది. గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి, పొయ్యికి దూరంగా ఉంచండి. బూజు వాసన వస్తే వేయించి వాడాలని చూడకండి, పారేయండి.